సైరన్ మోగితె ఎటు ఉరుకుతరు?

పోయిన వారం నేను గెలిచిన్నని చెప్పి ఆపిన గద. గా గెలుపు మీద మన్ను పొయ్య! ఇయ్యాల చెప్పేది దాని కథనే.

యాది లేనోళ్లకు జర చెప్పి ముందుకు పోత. నా పేరు మనస్విని. మాది సిద్దిపేటనే. పాత బస్టాండు కాడ మా బాపుది స్టీలు సామాన్ల దుకాణం. నా పని ఏందంటె, బొల్లివాగు రిజర్వాయర్‌ను కంప్యూటర్ల మొత్తం తయారు చేసి, కట్ట, తూములు, కింది ఊర్లు, కరెంటు సబ్‌స్టేషన్, పట్నానికి నీళ్లు పంపే ఫిల్టర్ ప్లాంటు అన్ని పెట్టి, గా కట్టను తెగ్గొట్టి చూసుడు. నీళ్లు ఎటు పోతయ్, ముందుగాల ఏది మునుగుతది, అది మునిగితె దాని ఎనుక ఇంకేమేం బంద్ అయితయ్, మనుషులు బయటపడుతరా లేదా. దీన్నే మోడల్ అంటరు. "దుకాణంల గిన్నెకు సొట్ట పడితెనే నాకు పానం ఒప్పది, నువ్వు రోజు చెరువు కట్ట తెగ్గొడ్తున్నవా బిడ్డా" అని బాపు నవ్వుతడు.

పోయిన వారం లడాయి సైరన్ గురించి. కట్ట లోపట నీటి ఒత్తిడి చూసే గేజీలు పాతిపెట్టిన్రు. ఆ ఒత్తిడి ఎర్ర గీత దాటితె సైరన్ కొట్టాలె. ఎవరు కొట్టాలె? ముందుగాల పైసారుకు చెప్పాలె, ఆయన ఇంకా పైసారుకు చెప్పాలె, అప్పుడు కొట్టాలె అన్నరు. నాకు ఒళ్లు మండింది. "మీరు ఒకరినొకరు అడుక్కునేసరికి ఊరు కొట్టుకపోతది సార్" అని మీటింగుల అందరి ముంగట లొల్లి పెట్టిన. ఆఖరికి మా పెద్ద ఇంజనీరు, ఈఈ ప్రభాకర్ సారు సరే అన్నడు. గీత దాటితె కట్ట మీది పాత సైరనే దానంతట అదే మోగాలె. సోలార్ బ్యాటరీ మీద నడవాలె, కరెంటు పోయినా మోగాలె. ఆఫీసుల కూసొని ఎవ్వరు బంద్ చెయ్యరాకుండ నేనే దగ్గరుండి పెట్టిచ్చిన. ఆ రోజు అందరికి మిఠాయి కూడ పంచిన. ఎంత మురిసిపోయిన్నో!

ఇగ ఇయ్యాల పొద్దున మాక్ డ్రిల్. కట్ట కిందనే ఉన్న తుమ్మలకుంట ఊర్ల.

ఆ ఊరికి సర్పంచ్ ఎవరనుకున్నరు, మా సులోచనక్కనే. అక్కను ఆ ఊరికిచ్చి మస్తు ఏండ్లయింది. నా పనిని అది "నీ వీడియో గేం" అంటది. మోడల్ల ఊరోళ్లంత ఎర్ర చుక్కలు. సైరన్ మోగంగనే చుక్కలన్ని కట్టకు ఎదురుదిక్కు, కొండపాక రోడ్డు మీదున్న బడిగడ్డకు ఎక్కుతయ్. అది ఎత్తు జాగ, నీళ్లు అందయ్. కంప్యూటర్ల ఎన్నిసార్లు తెగ్గొట్టినా ఒక్క చుక్క ఆరిపోలె. నీళ్లు ఊర్లకు వచ్చేసరికి ఊరంత గడ్డ మీదుంటది. ఆ సినిమా చూసి పెద్దసార్లు చప్పట్లు కొట్టిన్రు కూడ.

బడిగడ్డ మీద టెంటు ఏసిన్రు. నీళ్ల బాటిళ్లు, మజ్జిగ ప్యాకెట్లు, వచ్చినోళ్లను రాసుకోనీకి ఇద్దరు టీచర్లు. మూడు రోజుల సంది ముసురు, అప్పుడే జర తెరిపిచ్చింది. ప్రభాకర్ సారు గొడుగు పట్టుకొని నిలవడ్డడు. నేను ఫోన్ల చెప్పిన, కట్ట మీదోళ్లు బటన్ నొక్కిన్రు. సైరన్ మోగింది. ఎంత గట్టిగ మోగిందంటె బడి మీది పావురాలన్ని లేసిపోయినయ్.

చూస్తున్నం. ఒక్కరు వస్తలేరు.

"ఇనవడలేదేమో" అన్నడు సారు.

"ఇనవడకుంటెట్ల సార్, కొండపాక దాంక ఇనవడ్తది."

అంతల కింద ఊర్లకెల్లి జనం బయటికొచ్చుడు కనబడ్డది. ఒక్కరిద్దరు కాదు, గల్లీ నిండ. నా పానం లేసొచ్చింది. "వస్తున్రు సార్!" అన్న. వస్తున్నరని మజ్జిగ ప్యాకెట్లు సర్దుతున్న గని, వాళ్లు మా దిక్కు వస్తలేరు. అటు పోతున్రు. ఆటోలు, బండ్లు, ఒక ట్రాక్టరు నిండ ఆడోళ్లు, అన్ని కట్ట దిక్కు ఉరుకుతున్నయ్. ఒకాయన కోడిని కాళ్లు పట్టుకొని తలకిందులుగ ఏలాడదీసుకొని ఉరుకుతుండు.

"వీళ్లేంది గటు పోతున్రు?" అన్నడు సారు.

నాకేమెరుక? జీపెక్కి మేం కూడ కట్టకు ఉరికినం.

కట్ట మీద జాతర. ఇంక నేను వేరే మాట చెప్పలేను, జాతరనే! పసుపు కుంకుమ పళ్లాలు, అగరుబత్తుల పొగ, ఆడోళ్లు గుండ్రంగ తిరుక్కుంట చప్పట్లు కొట్టి పాట ఎత్తుకున్నరు. పోరగాళ్లు నీళ్ల దిక్కు ఎనుకకు తిరిగి ఫోటోలు దిగుతున్రు. అందరికంటె ముందుగాల, నీళ్ల ఒడ్డుమీదనే, మా అక్క అత్తగారు యాదవ్వ కూసొని కొబ్బరికాయ కొడ్తుంది.

"అత్తా! గిదేంది? సైరన్ మోగింది గద, బడిగడ్డకు పోవాలె గద!"

నాకు పిచ్చి లేసినట్టు చూసింది యాదవ్వ. "సైరన్ మోగింది గనకనే వస్తిమి గద బిడ్డా. నీళ్లొచ్చినయని గద కొట్టిన్రు?"

"నీళ్లొచ్చినయని కాదు అత్తా..."

"మొదటిసారి గోదారి నీళ్లొచ్చిన్నాడు గిదే మోగింది. పెద్దపెద్దోళ్లు వచ్చి గిదే మోగిచ్చి గేట్లు లేపిన్రు. మల్ల మత్తడి దుంకిన్నాడు గిదే మోగె. గిప్పుడు కూడ గదే. కొత్త నీళ్లకు మొక్కకుంట ఇంట్ల కూసుంటరా ఎవరన్న? తియ్, కొబ్బరిచిప్ప తియ్." చిప్ప నా చేతిల పెట్టింది.

ఆ చిప్ప పట్టుకొని నిలవడ్డ. చెరువు నిండి అలుగు మీదికెల్లి నీళ్లు పొర్లి మత్తడి దుంకుతుందంటె మా దిక్కు ఎంత పండుగనో నాకు తెల్వదా? బోర్లు ఎండి, మోటర్లు కాలి, నీళ్ల ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టిన ఊర్లు ఇవి. నీళ్లొచ్చినయంటె ఉరికి చూస్తరు. నేను సిద్దిపేట పిల్లనే, చిన్నప్పుడు నేను కూడ బాపు స్కూటర్ మీద మత్తడి చూడనీకి పోయిన. గన్ని తెలిసి, మోడల్ల మాత్రం సైరన్ మోగితె మనుషులు నీళ్లకు దూరం ఉరుకుతరని రాసిన. ఎక్కడి మనుషుల కోసం రాసిన్నో!

హోంగార్డులు నవ్వుతున్రు. ప్రభాకర్ సారు కూడ సగం నవ్విండు. మా అక్క కొంగు నడుముకు దోపుకొని వచ్చి, "ఏందే మనూ, నీ వీడియో గేం ఫెయిలా?" అని ఎక్కిరిచ్చింది.

నేను నవ్వలె. కాళ్ల కింద కట్ట, కట్ట మీద ఊరు ఊరంత.

సిద్దిపేట ఆఫీసుకు వచ్చేసరికి మల్ల వాన షురూ అయింది. అన్నం తినబుద్ధి కాలె. ల్యాప్‌టాప్ తెరిచి మోడల్ల ఒక్కటే ఒక్కటి మార్చిన. చుక్కలు పోవాల్సిన దిక్కు. బడిగడ్డకు కాదు, కట్టకు.

నడిపిచ్చిన. సైరన్ మోగింది. ఎర్ర చుక్కలు ఇండ్లల్లకెల్లి లేసినయ్, గల్లీలల్ల కలిసినయ్, కట్ట ఎక్కి వరుసగ నిలవడ్డయ్. అక్కడ నిలవడి చూస్తున్నయ్. ఏం చూస్తున్నయో నాకెరుకే. కట్ట నడుమల తెగింది. చుక్కలు ఆరిపోయినయ్. ఒకటి తర్వాత ఒకటి కూడ కాదు, ఒక్కసారే. ఊర్ల ఇండ్లల్ల ముసలోళ్లు మిగిలిన్రు, వాళ్ల మీదికి నీళ్లు తర్వాత పోయినయ్.

ఎప్పటికి చుక్కలే అనుకుంటి. ఇయ్యాల ఆ చుక్కలకు మొఖాలున్నయ్. నీళ్ల ఒడ్డుమీది చుక్క యాదవ్వ. కొంగు దోపుకున్న చుక్క మా అక్క. కోడిని పట్టుకున్నాయన పేరు సుత నాకు తెల్వది, గని ఆయన కూడ ఉన్నడు.

ప్రభాకర్ సారు ఎప్పుడొచ్చిండో, నా ఎనుక నిలవడి చూసిండు. కుర్చీ గుంజుకొని కూసున్నడు.

"ఇంకోసారి నడిపియ్యి అమ్మా."

"ఎన్నిసార్లు నడిపిచ్చినా గంతే సార్."

"సరే, సైరన్ అంటె ఏందో ఊరోళ్లకు మంచిగ చెప్దాం. ఇంటింటికి తిరుగుదాం. వచ్చే వారం..." అంటున్నడు. నేను ఇంటలేను. పక్కన ఇంకో స్క్రీన్ ఉంటది, కట్ట లోపటి గేజీలది. అది మోడల్ కాదు. అది నిజం. రోజు పండుకున్నట్టు ఉండే గీత పైకి లేస్తుంది.

"సార్, గిది చూడున్రి."

సారు అద్దాలు పెట్టుకున్నడు. తీసిండు. మల్ల పెట్టుకున్నడు. ఫోన్ తీసి కట్ట మీద గేట్లు చూసుకునే హన్మంతుకు కొట్టి స్పీకర్ పెట్టిండు.

"హన్మంతూ, కట్ట అడుగుకు పోయి చూడు. నడిమిట్ల."

"ఈన్నే ఉన్న సార్. నేనే ఫోన్ చేద్దామనుకుంటున్న. అడుగున నీళ్లు ఊరుతున్నయ్."

"ఊరుడు రోజు ఉండేదేనాయె. ఏ రంగున్నయ్?"

"పొద్దున తెల్లగుండె సార్. గిప్పుడు మన్ను నీళ్లొస్తున్నయ్."

సారు కుర్చీలకెల్లి లేసిండు. తెల్లనీళ్లు ఊరితె కట్ట చెమట పట్టినట్టు, భయం లేదు. మన్ను నీళ్లొస్తే లోపట మన్ను కొట్టుకపోతున్నట్టు. కట్ట తనను తాను తింటున్నట్టు. ఇది నాకు సారే నేర్పిండు.

"గేట్లన్ని లేపు. లేపి నువ్వు ఆడ ఉండకు, పక్కగుట్ట ఎక్కు. ఇంటున్నవా? ఆడ ఉండకు!" సారు ఒర్రుతుండు. ఆయన ఒర్రుడు నేనెన్నడు చూడలె. ఫోన్ పెట్టి నా దిక్కు తిరిగిండు. "ఎంత టైముంది?"

"మోడల్ ప్రకారం అయితె ఊర్లకెల్లి జనాన్ని తీసేంత ఉన్నది సార్. ఇప్పుడే పోతె ఉన్నది."

"సైరన్ కొడితె?"

ఇద్దరం ఆ స్క్రీన్ దిక్కే చూసినం. ఆరిపోయిన చుక్కలు ఇంకా దాని మీదనే ఉన్నయ్.

"కొట్టొద్దు సార్. చంపినట్టయితది. కట్ట మీదోళ్లకు చెప్పున్రి, బటన్ ముట్టొద్దని."

సారు వాళ్లకు ఫోన్ల చెప్పిండు. కొట్టకుంటె ఇండ్లల్ల సస్తరు, కొడితె కట్ట మీద సస్తరు. ఇగ నేను అక్కకు ఫోన్ చేసిన.

"ఏందే, కొబ్బరి తిన్నవా?" అన్నది అక్క. ఇంకా నవ్వుతనే ఉన్నది.

"అక్కా, కట్ట తెగేటట్టున్నది."

"ఇంకో డ్రిల్లా? పొద్దుగాలనే ఊరంత నవ్వులపాలయితిమి. మల్ల గిప్పుడు..."

"డ్రిల్ కాదు! మన్ను నీళ్లు ఊరుతున్నయ్. బాపు మీద ఒట్టు అక్కా, కాదు!"

నేనెన్నడు బాపు మీద ఒట్టు పెట్టుకోను, అక్కకు తెల్సు. అటుదిక్కు నవ్వు ఆగింది. "అయితే మైకుల చెప్త" అన్నది.

"ఏమని చెప్తవ్?"

"కట్ట తెగుతుంది, ఉరుకున్రి అని."

"ఎటు ఉరుకుతరు?"

అక్కకు కూడ సమజయింది. కట్ట పేరెత్తితె సగం ఊరు కట్ట మీదికే పోతది, తెగుతదో లేదో చూద్దామని. మొగోళ్లు ఇసుక బస్తాలు ఏసుకొని అడ్డం పెడ్దామని పోతరు. "అయ్యో మనూ, ఎట్లనే? ఎట్లనే?" అన్నది. సర్పంచ్ కాదు అప్పుడు, చిన్నప్పుడు ఉరుమొస్తె నా చెద్దర్ల దూరే అక్క.

నాకప్పుడు తట్టింది. తుమ్మలకుంటల ఇంకో చిన్న కుంట ఉన్నది. పైకుంట అంటరు. బడిగడ్డ దాటినంక, ఇంకా ఎత్తు మీద. ఎండి గడ్డి మొలిచి, బర్లు మేసే కుంట.

"పైకుంట మత్తడి దుంకుతుందని చెప్పక్కా."

"పైకుంటనా? నా పెండ్లయిన కాన్నుంచి అది ఒక్కసారి దుంకలె!"

"అందుకే! అందరు ఉరుకుతరు."

"మైకుల అబద్ధం చెప్పాల్నా? సర్పంచ్‌నయి? రేపు ఈ ఊర్ల నా మాట ఎవ్వరన్న నమ్ముతరానే?"

"రేపంటు ఉండాలె గద అక్కా!"

ఫోన్ బంద్ చెయ్యలె. అక్క నడుస్తున్న చప్పుడు ఇనవడ్తుంది. పంచాయతీ ఆఫీసు తలుపు. మైక్ గుర్రుమన్నది. అక్క గొంతు సవరించుకున్నది.

"గ్రామ ప్రజలందరికి చెప్పునది ఏమనగా... మన పైకుంట నిండింది. మత్తడి దుంకుతుంది. ఇన్నేండ్లకు దుంకుతుంది. అమ్మలక్కలు, అన్నదమ్ములు, ముసలి ముతక అందరు రావాలె. నడవరానోళ్లను బండ్ల మీద ఎక్కిచ్చుకొని రావాలె. ఇంట్ల ఎవ్వరు ఉండొద్దు. ఇంట్ల ఉన్నోళ్లకు పాపం." ఆఖరి మాట నేను చెప్పలె, దానంతట అదే అన్నది. గొంతు జీరపోయింది, ఊరోళ్లు సంబురమనుకున్నరేమో.

"మనూ, పోతున్రే" అన్నది జరసేపటికి గుసగుసగ. "గల్లీ నిండ పోతున్రు. మా అత్త మల్ల కొబ్బరికాయ పట్టుకున్నది. మా పక్కింటి సిద్ధయ్య వాళ్ల నాయినను ట్రాక్టర్ల ఎక్కిచ్చిండు. బడిగడ్డ దిక్కే. అందరు బడిగడ్డ దిక్కే!"

నేను ఏడ్సిన. సిగ్గు లేకుంట సారు ముంగటనే ఏడ్సిన. సారు నా భుజం తట్టి ఇంకో ఫోన్ చేస్తుండు. కట్ట కింది సబ్‌స్టేషన్ కరెంటు ఆపియ్యనీకి. అది నేను రాసిందే. నీళ్లు జొచ్చే ముందే సబ్‌స్టేషన్ బంద్ చేస్తే మిషన్లు మిగులుతయ్, ఇంకో లైన్ మీదికెల్లి దవాఖానకు, ఫిల్టర్ ప్లాంటుకు కరెంటు ఇయ్యొచ్చు. లేకుంటె అన్ని పేలి పట్నం దాంక చీకటే. సారు చేసింది మంచి పనే. ఇప్పటికీ అదే అంట.

"కరెంటు పోయింది మనూ" అన్నది అక్క. "పోతె పోనియ్, చెప్పుడయితె అయిపోయింది. సగం మంది గడ్డ దాంక పోయిన్రు. నేను కూడ..."

సారు స్క్రీన్ మీద వేలు పెట్టిండు. "అమ్మా మనస్విని. గీత."

గీత ఎర్ర గీతను ముట్టింది. నేను చూస్తుండంగనే దాటింది.

పొద్దున బటన్ నొక్కి మోగిచ్చినం. నా బుర్రల బటనే ఉండిపోయింది. బటన్ ముట్టొద్దని చెప్పి నిమ్మలమయిన. బటన్‌తోని పనిలేకుండ పెట్టిచ్చింది నేనే, మిఠాయి పంచింది నేనే. ల్యాప్‌టాప్ మీద అన్ని నొక్కిన. ఎవ్వరు బంద్ చెయ్యరాకుండ చేసిన గద, నాతోని కూడ కాలె.

ముందుగాల ఫోన్ల ఇనవడ్డది. సన్నగ లేసి, పెద్దగయి, ఆగకుండ.

"మనూ!" అక్క ఒర్రింది. "సైరన్ ఎందుకు కొట్టిన్రే? కొట్టొద్దంటివి గద!"

"మైకుల చెప్పక్కా, పైకే పొమ్మని చెప్పు!"

"మైక్ ఏడుందే, కరెంటు లేదు!" ఉరుకుతుంది, ఆయాసం ఇనవడ్తుంది. "ఆగిన్రు. అందరు ఆగిన్రు మనూ. పైకుంటల నీళ్లు లేవని పైనుంచి ఎవరో ఒర్రుతున్రు... అయ్యో... మర్లిన్రే. కట్టకే మర్లిన్రు!"

"ఆపు అక్కా, అడ్డం నిలవడు!"

"అత్తా! ఓ అత్తా! అటు పోకు! యాదవ్వత్తా!"

ఫోన్ ఎక్కడనో పడ్డ చప్పుడయింది. అక్క గొంతు దూరమయింది. అది బడిగడ్డ దిక్కు పోతలేదు. వాళ్ల ఎనుక కట్ట దిక్కే ఉరుకుతుంది. ఫోన్ల ఇగ సైరన్ ఒక్కటే మోగుతుంది.